ముందు చక్రాలతో లాగే కారు: ఎలా గుర్తుపట్టాలి, ఎలా నడపాలి, ఎలా చూస్కోవాలి

కారు కొనేముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయ్, మైలేజ్ ఎంత, సర్వీస్ కి ఎంతవుతుంది, రేపు అమ్మితే ఎంతొస్తుంది. ఇంజన్ పవర్ ఏ చక్రాలకి వెళ్తోంది అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. కానీ ఘాట్ రోడ్డులో ముందు చక్రం ఎందుకు గిర్రున తిరిగింది, నాలుగు టైర్లు ఒకేసారి వేయిస్తే ముందువే ఎందుకు తొందరగా గుండైపోయాయి, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పితే టక్ టక్ మని సౌండ్ ఎందుకొస్తోంది, వీటన్నిటికీ జవాబు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నా. ఇప్పటికే కారు ఉన్నవాళ్ళకీ, సెకండ్ హ్యాండ్ లో కొనబోయేవాళ్ళకీ, ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు అసలు లోపల ఏముందో చూద్దాం. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అంటే ఇంజన్ ముందే, లాగే చక్రాలు కూడా ముందువే. బానెట్ కింద ఇంజన్ అడ్డంగా పెడతారు, దాని పక్కనే గేర్ బాక్స్ బిగిస్తారు, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేరే వేరే వేగంతో తిరిగేలా పవర్ పంచే గేర్ల సెట్) కూడా ఆ గేర్ బాక్స్ పెట్టెలోనే కూర్చుంటుంది, అక్కణ్ణుంచి కుడికొకటి ఎడమకొకటి రెండు పొట్టి యాక్సిల్స్ నేరుగా ముందు చక్రాల్లోకి వెళ్తాయి, అంతే. అదే పాత పద్ధతిలో, అంటే అంబాసిడర్ లోనో బొలెరోలోనో అయితే, ఇంజన్ నిలువుగా, అంటే కారు పొడుగునా ఉంటుంది, దాని వెనక గేర్ బాక్స్, దాని వెనక కారు పొట్ట కింద పొడుగ్గా జాయింట్ షాఫ్ట్, చివర్లో వెనక హౌసింగ్ లో క్రౌన్ పినియన్, అక్కడ పవర్ ఒక్కసారి తొంభై డిగ్రీలు తిరిగి వెనక చక్రాలకి చేరుతుంది. ఎద్దుల బండిలో ఎడ్లు ముందుండి లాగినట్టు ఇక్కడ ముందు చక్రాలు కారుని లాక్కెళ్తాయి, వెనక చక్రాలు ఊరికే వెంట దొర్లుతాయి.

ఇంక ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే. ఈ కార్లలో ముందు రెండు టైర్లు మూడు పనులు చేస్తాయి: కారుని లాగేది అవే, మలుపు తిప్పేది అవే, బ్రేక్ కొడితే ఎక్కువ భారం మోసేది కూడా అవే. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకి ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ఒక టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు పరిమితం, దాన్నే ఈ మూడు పనులకీ పంచుకోవాలి. ఈ కారుతో వచ్చే లాభాలైనా, చూస్కోవాల్సిన జాగ్రత్తలైనా ఇక్కణ్ణుంచే పుడతాయ్.

మీ కారు ఏ రకమో తెలీకపోతే బానెట్ ఎత్తి చూడండి. ఇంజన్ కి ఉండే బెల్టులు, పుల్లీలు కారు పక్క వైపు, అంటే చక్రం వైపు ఉంటే ఇంజన్ అడ్డంగా ఉన్నట్టు, అలాంటివి దాదాపు అన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవే. బెల్టులు రేడియేటర్ వైపు చూస్తుంటే ఇంజన్ నిలువుగా ఉన్నట్టు, మన దగ్గర తిరిగే వాటిల్లో అవి ఎక్కువ శాతం వెనక చక్రాలతో నడిచేవి. అనుమానం ఉంటే వెనక నుంచి వంగి కిందికి చూడండి, రెండు వెనక చక్రాల మధ్య గుండ్రంగా ఉబ్బిన హౌసింగ్, దాంట్లోకి ముందు నుంచి వచ్చే పొడుగు షాఫ్ట్ కనిపిస్తే వెనక చక్రాల డ్రైవ్ లేదా ఫోర్ వీల్ డ్రైవ్. ఏమీ లేకుండా ఒక ఇనప దూలం లాంటిదే అడ్డంగా ఉంటే ఫ్రంట్ వీల్ డ్రైవ్. వెనక సీటు కింద నేల మధ్యలో ఉండే బొడిపె చూసి చెప్పెయ్యొచ్చు అంటారు కానీ దాన్ని నమ్మకండి, సైలెన్సర్ పైపు కోసం ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో కూడా కొంచెం బొడిపె ఉంటుంది.

మన రోడ్ల మీద లెక్క వేస్కుంటే ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, డిజైర్, బలెనో, ఎర్టిగా, ఐ10, ఐ20, క్రెటా, సెల్టోస్, టియాగో, నెక్సాన్, హోండా సిటీ ఇవన్నీ ముందు చక్రాలవే. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఈకో ఇవి వెనక చక్రాలవి. పాత ఓమ్నీ వ్యాన్ లో ఇంజన్ ముందు సీట్ల కింద ఉండి వెనక చక్రాలు లాగేవి, టాటా నానోలో అయితే ఇంజన్ కూడా వెనకే ఉండేది. చిన్న బండి కాబట్టి ఫ్రంట్ వీల్ డ్రైవే అయ్యుంటుంది అని గుడ్డిగా అనుకోకూడదు.

ఇంత మంది కంపెనీలు ఈ పద్ధతికే ఎందుకు వచ్చారు అంటే అన్నిటికంటే పెద్ద కారణం చోటు. పొడుగు షాఫ్ట్ లేదు, వెనక పెద్ద హౌసింగ్ లేదు, ఇంజన్ అడ్డంగా తిరిగింది కాబట్టి బానెట్ పొట్టిదైపోయింది, ఇలా మిగిలిన జాగా అంతా మనుషుల కాళ్ళకీ సామాన్లకీ వచ్చింది. దీన్ని ప్రపంచానికి గట్టిగా చూపించింది 1959 లో ఇంగ్లండ్ లో వచ్చిన మినీ. 1956 లో సూయజ్ కాలువ గొడవతో అక్కడ పెట్రోల్ కి కటకట వచ్చింది, తక్కువ తాగే చిన్న కారు కావాల్సొచ్చింది, అలెక్ ఇస్సిగోనిస్ అనే ఇంజనీరు 848 సీసీ ఇంజన్ని అడ్డంగా తిప్పేసి మూడు మీటర్ల పొడుగు కారులో నలుగురిని కూర్చోబెట్టాడు. కారు నేలలో 80 శాతం మనుషులకీ సామానుకే వదిలాడు అంటారు. గేర్ బాక్స్ ని ఆయన ఇంజన్ కిందే, ఇంజన్ ఆయిల్లోనే పెట్టాడు. అది ఎక్కువమంది పాటించలేదు. 1964 లో ఇటలీలో ఆటోబియాంకి ప్రిములా అనే కారులో డాంటె జకోసా గేర్ బాక్స్ ని ఇంజన్ పక్కన, చివర్లో తగిలించాడు, 1969 ఫియట్ 128 లో కూడా అదే చేశాడు. ఈరోజు మీ స్విఫ్ట్ బానెట్ ఎత్తితే కనిపించేది ఆ జకోసా పద్ధతే. అంతకు ముందే 1934 లో ఫ్రాన్స్ లో సిట్రోయెన్ ట్రాక్సియోన్ అవాన్ కూడా ముందు చక్రాలతోనే వచ్చింది, కాకపోతే దాంట్లో ఇంజన్ నిలువుగానే ఉండేది.

మనకి ఇది ఇంటింటికీ వచ్చింది మాత్రం మారుతి 800 తోనే. 1983 డిసెంబర్ 14 న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఇచ్చారు. అంతకు ముందు అంబాసిడరూ ప్రీమియర్ పద్మినీ చూసిన కళ్ళకి 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, 650 కేజీల చుట్టుపక్కల బరువు, ఇంత చిన్న కారా అనిపించింది. అయినా నలుగురు కూర్చుని ఏసీ వేస్కుని వెళ్ళగలిగారు అంటే, దానికి సగం కారణం ఆ అడ్డం ఇంజనే. షాఫ్ట్, హౌసింగ్, వాటిని మోసే ఇనుము ఇవేవీ లేకపోతే బండి బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే చిన్న ఇంజన్ సరిపోతుంది, చిన్న ఇంజనైతే మైలేజ్ వస్తుంది, ఒకదాని వెనక ఒకటి అలా లాభం పెరుగుతూ పోతుంది. దీనికి తోడు ఇంజన్ లో తిరిగే క్రాంకూ, చక్రాల యాక్సిలూ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి పవర్ ని తొంభై డిగ్రీలు మళ్ళించే పని లేదు, క్రౌన్ పినియన్ దగ్గర వేడిగా పోయే శక్తి ఇక్కడ మిగులుతుంది. ఫ్యాక్టరీలో కూడా ఇంజన్, గేర్ బాక్స్, సస్పెన్షన్ అన్నీ ఒక ముద్దగా కలిపి కింద నుంచి ఒకేసారి ఎక్కించొచ్చు, అందుకే తక్కువ ధరకి ఇవ్వగలుగుతున్నారు.

ఇంకో లాభం పట్టు. ఇంజనూ గేర్ బాక్సూ రెండూ ముందు చక్రాల మీదే కూర్చుంటాయి, ఖాళీ కారు బరువులో సుమారు 60 శాతం ముందే ఉంటుంది. లాగే చక్రాల మీదే బరువు ఉండటం వల్ల వాన పడ్డ రోడ్డు మీద, మామూలు సమతలంలో కారు కుదురుగా వెళ్తుంది. అమెరికాలో చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లలు ఎక్కువగా కొనే పాత కరోలా, సివిక్, క్యామ్రీలు అన్నీ ఇవే (ఈమధ్య కొన్ని క్యామ్రీలు నాలుగు చక్రాలవీ వస్తున్నాయ్). మంచులో బయల్దేరడానికి వెనక చక్రాల కారు కంటే ఇది నయం. కాకపోతే అక్కడున్నవాళ్ళకి ఒక్క మాట, లాగేవి ముందువే కదా అని వింటర్ టైర్లు ముందు రెండింటికే వేయించొద్దు. ముందు పట్టు ఎక్కువై వెనక పట్టు తక్కువైతే బ్రేక్ కొట్టగానే వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ వేయించాలి. చెయిన్లు కట్టాల్సొస్తే మాత్రం ముందు చక్రాలకి.

అలాగని అందరికీ ఇదే మంచిది అని చెప్పను. ఇన్నోవా తీసుకుంటే బాగా అర్థమవుతుంది. క్రిస్టా చాసిస్ ఫ్రేమ్ మీద కట్టిన బండి, వెనక చక్రాలు లాగుతాయి. 2022 చివర్లో చూపించిన హైక్రాస్ లో ఆ ఫ్రేమ్ తీసేసి, ఇంజన్ అడ్డంగా తిప్పి, ముందు చక్రాలకి ఇచ్చారు. దాంతో లోపల నేల చదునుగా, చోటు ఎక్కువగా, నడక కారులాగా మెత్తగా వచ్చింది. మైలేజ్ పెరగడంలో హైబ్రిడ్ మోటార్ వాటా పెద్దది, అది ఈ లేఔట్ ఖాతాలో వెయ్యకూడదు. కానీ ఏడెనిమిది మందిని, పైన లగేజీని ఎక్కించుకుని రోజూ కొండ రోడ్లు ఎక్కే ట్రావెల్స్ డ్రైవర్లు క్రిస్టానే కావాలి అంటారు చూడండి, దాంట్లో న్యాయం ఉంది. బరువు ఎక్కే కొద్దీ, ఎత్తు ఎక్కే కొద్దీ భారం వెనక చక్రాల మీదకి పోతుంది, అవే లాగేవైతే పట్టు పెరుగుతుంది. మీ ఇల్లు పొలంలో ఉండి వానాకాలం నల్లరేగడి బురదలోంచే రోజూ వెళ్ళాలన్నా, ట్రాలీ తగిలించి లాగాలన్నా వెనక చక్రాలదో ఫోర్ వీల్ డ్రైవో చూస్కోండి. సిటీలో ఆఫీసూ, హైవే మీద ఊరూ, సంవత్సరానికి ఒకసారి తిరుమల, ఇదీ మీ వాడకం అయితే ఫ్రంట్ వీల్ డ్రైవ్ ని మించింది లేదు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నడపడం సంగతి. మామూలు రోడ్డు మీద తేడా తెలీదు. తేడా తెలిసేది మలుపులో, ఎత్తులో, బురదలో.

మలుపులో స్పీడ్ ఎక్కువైతే ఈ కార్లు తిప్పిన దానికంటే తక్కువ తిరుగుతాయి, ముక్కు బయటికి తోసుకుపోతుంది. అప్పుడు మనకి తెలీకుండానే చేసే పని స్టీరింగ్ ఇంకా తిప్పడం, అదే తప్పు. ముందు టైర్లకి అప్పటికే పట్టు అయిపోయింది, ఇంకా తిప్పితే అడ్డంగా రుద్దుకుంటూ పోతాయి తప్ప తిరగవు. యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, స్టీరింగ్ పిసరంత వెనక్కి తీయండి, లాగే పని తగ్గడంతో టైరుకి తిప్పే పట్టు మిగులుతుంది, ముక్కు మళ్ళీ లోపలికి వస్తుంది. అయితే మంచి స్పీడ్ లో ఉండగా, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నుంచి కాలు ఒక్కసారిగా లాగెయ్యకూడదు, బరువంతా ముందుకి పడి వెనక చక్రాలు తేలికై తోక జారుతుంది. అందుకే స్పీడ్ తగ్గించే పని మలుపుకి ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే ముగించుకుని, మలుపులో సన్నగా ఒకే లెవెల్ లో యాక్సిలరేటర్ ఇస్తూ వెళ్ళడం అలవాటు చేస్కోండి.

ఘాట్ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలికవుతాయి. మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం లాంటి చోట్ల హెయిర్ పిన్ మలుపుల్లో లోపలి వైపు ముందు చక్రం ఇంకా తేలికవుతుంది, మామూలు డిఫరెన్షియల్ పవర్ ని ఆ తేలికైన చక్రానికే వదిలేస్తుంది, అది కంకర మీద గిర్రున తిరుగుతుంది, కారు కదలదు. దీనికి మందు ముందుచూపే. మలుపు రాకముందే ఫస్టో సెకండో వేస్కుని, మలుపు మధ్యలో ఆగకుండా, ముందు బండి పూర్తిగా తిరిగి పైకి వెళ్ళాకే మీరు మొదలుపెట్టండి. చక్రం తిరిగిపోతుంటే ఇంకా తొక్కకండి, కాస్త వదిలి స్టీరింగ్ కొంచెం తిన్నగా చేస్తే పట్టుకుంటుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న కార్లలో తిరిగిపోయే చక్రానికి బ్రేక్ పట్టి రెండో దానికి పవర్ పంపిస్తుంది, దాన్ని రోడ్డు మీద ఎప్పుడూ ఆపెయ్యొద్దు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా బియ్యం మూటలు వేస్కుని వెళ్తుంటే సమస్య రెట్టింపు. బరువు సామాను డిక్కీ చివర కాకుండా సీటుకి ఆనించి, వీలైతే వెనక సీటు కాళ్ళ దగ్గర పెట్టండి, టాప్ మీద బరువు అసలొద్దు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్ కి వేరే గాలి లెక్క ఉంటుంది, ఆ రోజుకి అది పెట్టించండి.

దిగేటప్పుడు ఏ గేర్ లో ఎక్కారో ఆ గేర్ లోనే దిగాలి, న్యూట్రల్ మాత్రం ఎప్పుడూ వద్దు. తిరుమలలో ఎక్కడానికీ దిగడానికీ వేరే వేరే రోడ్లు. దిగే రోడ్డు 1944 లో వేసిన పాత ఘాట్ రోడ్డు, మలుపులు బాగా ముడుచుకుని ఉంటాయ్. అక్కడ ఇంజన్ బ్రేకింగ్ పనిచేసేది ముందు చక్రాల మీదే, బరువు కూడా వాటి మీదే ఉంటుంది కాబట్టి ఈ విషయంలో ఫ్రంట్ వీల్ డ్రైవ్ బానే ఆపుతుంది, కాకపోతే బ్రేక్ ప్యాడ్లు కాలే వాసన వచ్చేదాకా కాలు పెట్టి ఉంచకుండా సెకండ్ గేర్ తో దిగండి.

ఏటవాలు మట్టి దారిలో ముందుకి ఎక్కలేక చక్రాలు తిరిగిపోతుంటే పాత డ్రైవర్లు చెప్పే ఒక ఉపాయం ఉంది, కారు తిప్పి రివర్స్ లో ఎక్కించడం. రివర్స్ లో ఎక్కితే ముందు భాగం దిగువ వైపు ఉంటుంది, బరువు లాగే చక్రాల మీదకి వస్తుంది, పట్టు దొరుకుతుంది. దారి ఖాళీగా ఉండి, పక్కన మనిషి నిలబడి చూపిస్తుంటేనే చెయ్యండి. బురదలో దిగబడితే మొదట చెయ్యకూడని పని గట్టిగా తొక్కడం, ఒక్కసారి గుంత తవ్వుకుంటే ఇంజన్ బరువుతో ముక్కు ఇంకా దిగిపోతుంది. ముందు చక్రాల ముందున్న బురద చేత్తో లాగేసి, గడ్డో కంకరో లేకపోతే కాళ్ళ కింద మ్యాట్లో టైరు కిందికి తోసి, మాన్యువల్ అయితే సెకండ్ గేర్ లో క్లచ్ మెల్లగా వదులుతూ, స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం ఊపండి. ముందు చక్రాలే లాగుతాయి, అవే తిరుగుతాయి కాబట్టి అలా ఊపితే టైరు పక్క అంచులు గట్టి నేలని వెతుక్కుంటాయి, వెనక చక్రాల బండికి ఈ వెసులుబాటు లేదు. కుదిరితే వచ్చిన దారినే రివర్స్ లో బయటపడండి, ముందు ఏముందో తెలీదు కానీ వెనక గట్టి నేల ఉందని తెలుసు కదా.

ఇంక మెయింటెనెన్స్ లో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది యాక్సిల్ బూట్ గురించి. ముందు చక్రం ఒకేసారి పైకీ కిందికీ ఊగాలి, కుడికీ ఎడమకీ తిరగాలి, అలా తిరుగుతూనే పవర్ కూడా ఒకే వేగంతో అందుకోవాలి. మామూలు క్రాస్ జాయింట్ ఎక్కువ వంపులో వేగం ఎగుడుదిగుడుగా ఇస్తుంది, స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. దీనికోసం వచ్చిందే సీవీ (కాన్ స్టంట్ వెలాసిటీ, అంటే ఒకే వేగం) జాయింట్, ఎక్కువగా వాడే రకంలో వంపు తిరిగిన గాడుల్లో ఆరు ఉక్కు గోళీలు కూర్చుని, ఎంత వంచినా వేగం సమానంగా పంపిస్తాయి. ఈ జాయింట్ బాగా కుదరకపోతే ముందు చక్రాల కార్లు ఇంతగా వచ్చేవే కాదు. ఒక్కో యాక్సిల్ కి రెండు ఉంటాయి, వీల్ సైడ్ ఒకటి, గేర్ బాక్స్ సైడ్ ఒకటి. వాటి మీద ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది, అదే బూట్. దాంట్లో గ్రీజు ఉంటుంది. ఆ రబ్బరు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, లోపలికి నీళ్ళూ ఇసుకా పోతాయి, ఇంక ఆ గోళీలు గాడుల్ని నూరేస్తాయి. చిరిగిన వెంటనే పట్టుకుంటే కొత్త బూట్, గ్రీజు, క్లాంపులతో కొన్ని వందల్లో అయిపోయే పని, వదిలేస్తే జాయింటో మొత్తం యాక్సిలో మార్చాల్సొచ్చి వేలల్లోకి పోతుంది.

చూడటం చాలా తేలిక, గ్యారేజీకే పోనక్కర్లేదు. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి ఆపేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, కిందికి వంగి ఆ చక్రం వెనకాల ఫోన్ లైట్ వేసి చూడండి. రబ్బరు ముడతల మధ్య చీలికలు ఉన్నాయేమో, రిమ్ము లోపలి వైపు, చుట్టుపక్కల నల్లటి గ్రీజు చిమ్మిన మరకలు ఉన్నాయేమో చూస్కోవాలి. రెండో వైపు కూడా అలాగే. సర్వీస్ కి ఇచ్చిన ప్రతిసారీ లిఫ్ట్ మీద ఎక్కించినప్పుడు గేర్ బాక్స్ సైడ్ బూట్లు కూడా చూడమని అడగండి, అవి కింద నుంచి తప్ప కనపడవు. బూట్ మార్చేటప్పుడు మెకానిక్ దగ్గర పక్కనుండి చూస్కోవాల్సినవి మూడు ఉన్నాయ్. మొదటిది, ఈ జాయింట్లకి వేసే గ్రీజు వేరు, మాలిబ్డినం కలిసిన నల్లటిది, డబ్బాలోంచి తీసి వీల్ బేరింగ్ కి వేసే మామూలు గ్రీజు వేయనివ్వకండి. రెండోది, గేర్ బాక్స్ లోంచి యాక్సిల్ లాగితే గేర్ ఆయిల్ కారుతుంది, తర్వాత లెవెల్ చూసి తక్కువైనంత పోయించాలి, అక్కడి ఆయిల్ సీల్ పాతబడితే అప్పుడే మార్పించడం మంచిది. మూడోది, చక్రం మధ్యలో ఉండే పెద్ద హబ్ నట్టు, చాలా కార్లలో అది విప్పితే కొత్తది వేసి, కంపెనీ చెప్పిన టార్క్ కి బిగించి, అంచు నొక్కి లాక్ చెయ్యాలి.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే టెస్ట్ డ్రైవ్ ఇలా చెయ్యండి. ముందు ఒక ఖాళీ గ్రౌండ్ కి తీస్కెళ్ళి, పాటలు ఆపేసి, అద్దాలు దించి, స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఫస్ట్ గేర్ లో మెల్లగా గుండ్రంగా తిప్పండి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ. తర్వాత కుడికి, ఆ తర్వాత రివర్స్ లో కూడా రెండు వైపులా. కారు వేగంతో పాటే పెరిగే టక్ టక్ టక్ సౌండ్ వస్తే వీల్ సైడ్ జాయింట్ పోయినట్టే. హైవే మీద 60 నుంచి 80 మధ్య యాక్సిలరేటర్ ఇస్తున్నప్పుడే కారు వణికి, కాలు తీయగానే ఆగిపోతే గేర్ బాక్స్ సైడ్ జాయింట్ మీద అనుమానం పెట్టుకోండి. యాక్సిలరేటర్ ఇచ్చినా ఇవ్వకపోయినా స్టీరింగ్ వణుకుతుంటే అది ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగే, భయపడక్కర్లేదు. గతుకుల్లో కట కట మంటే లోయర్ ఆర్మ్ బుష్, లింక్ రాడ్, ర్యాక్ ఎండ్ అనే సస్పెన్షన్, స్టీరింగ్ భాగాల్లో చూడాలి. ఈ కార్లలో ముందు భాగం మోసేది ఎక్కువ కాబట్టి అవి ముందే అరగడం మామూలే, బేరంలో తగ్గించుకోండి. గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం పవర్ ఎక్కువున్న కార్లలో కొంచెం సహజం, రెండు యాక్సిల్స్ పొడుగుల్లో తేడా వల్ల అలా అవుతుంది. కానీ మెల్లగా వెళ్తున్నప్పుడు కూడా లాగుతుంటే అది అలైన్మెంటో టైరో బ్రేక్ పట్టేయడమో.

ఇంజన్ మౌంటింగ్స్ కూడా ఈ కార్లకి ముఖ్యం. అడ్డంగా ఉన్న ఇంజన్ యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ ముందుకీ వెనక్కీ ఊగాలని చూస్తుంది, దాన్ని పట్టుకునేది ఆ రబ్బరు మౌంటింగ్సే. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగితే స్టీరింగ్, సీటు వణకడం, క్లచ్ వదలగానే ఢక్ మని తగలడం వాటి గుర్తులు. గేర్ ఆయిల్ సంగతి మనవాళ్ళు పూర్తిగా మర్చిపోతారు, డిఫరెన్షియల్ కూడా అదే ఆయిల్లో తిరుగుతుంది కాబట్టి మాన్యువల్ బుక్ లో ఎన్ని కిలోమీటర్లకి అన్నాడో చూసి మార్పించండి.

టైర్ల విషయంలో రెండు పనులు. ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి రొటేషన్ చేయించాలి, ముందు రెండూ తిన్నగా అదే వైపు వెనక్కి, వెనక రెండూ ఎడం కుడి మార్చి ముందుకి. ఒకే దిశలో తిరగమని బాణం గుర్తున్న టైర్లైతే వైపు మార్చకూడదు. రెండో పని, రెండే కొత్త టైర్లు కొంటే వాటిని వెనక వేయించండి. షాపులో చాలామంది లాగేవి ముందువి కదా సార్ ముందే వేద్దాం అంటారు, ఒప్పుకోకండి. నిలిచిన నీళ్ళలో ముందు టైర్లు జారితే స్టీరింగ్ తేలికై మీకు వెంటనే తెలుస్తుంది, కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని మామూలు డ్రైవర్ ఎవరూ ఆపలేరు.

ఆఖర్న పంక్చరూ, బ్రేక్ డౌనూ. దాదాపు అన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాల్ని. ముందు చక్రం జాకీతో లేపారంటే గేర్ లో పెట్టినా లాభం లేదు, గాల్లో ఉన్న చక్రం ఖాళీగా తిరుగుతుంది, డిఫరెన్షియల్ వల్ల నేల మీదున్న రెండో చక్రమూ కదిలిపోగలదు. అప్పుడు కారుని ఆపి ఉంచేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే, కాబట్టి అది గట్టిగా పట్టేలా ఉందో లేదో ముందే చూస్కుని, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాకే జాకీ వెయ్యండి. వెనక చక్రం లేపితే గేర్ కూడా తోడుంటుంది, అయినా ముందు చక్రాలకి రాళ్ళు పెట్టండి. కారు ఆగిపోయి లాక్కెళ్ళాల్సొస్తే ముందు చక్రాలు పైకి ఎత్తి, హ్యాండ్ బ్రేక్ దించి, వెనక చక్రాల మీద లాక్కెళ్ళాలి. ముఖ్యంగా ఆటోమేటిక్ అయితే ముందు చక్రాలు నేల మీద తిరగకూడదు, ఇంజన్ ఆగిపోయి ఉంటే గేర్ బాక్స్ లో ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని ఆయిల్ లేకుండా తిప్పేస్తుంటాయి, కొన్ని కిలోమీటర్లలోనే గేర్ బాక్స్ కాలిపోవచ్చు. క్రేన్ వాళ్ళు వచ్చి వెనక వైపు హుక్కు తగిలించబోతుంటే ఆపి ముందు నుంచి ఎత్తమనండి, కుదరదు అంటే ఫ్లాట్ బెడ్ బండి పంపమనండి.